రెండే రొట్టెలు

శ్రీకాకుళం పల్లెలో అంబలి తాగి పెరిగిన తాతబ్బాయి, భిలాయి ఉక్కు కర్మాగారంలో క్రేన్ డ్రైవరయ్యాడు. ఆకలి బాధ తెలిసిన భార్య నూకరత్నం, రోజూ డాల్డాలో వేయించిన పూరీలూ జిలేబీలూ కొసరి కొసరి పెట్టి మురిసిపోయేది. పదేళ్లలో అతను విపరీతంగా లావెక్కాడు.

ఒకరోజు క్రేన్ నిచ్చెన సగం ఎక్కి, ఊపిరాడక ఆగిపోయాడు. తోటివాళ్లు నడుముకు తాడు కట్టి దించారు. డాక్టరు తిండి తగ్గించమన్నాడు. అతన్ని స్టోర్సులో కూర్చునే పనికి మార్చారు.

ఆ సాయంత్రం నూకరత్నం కంచంలో రెండే రొట్టెలు పెట్టింది.

"ఇంతేనేటే?"

"డాక్టరు సెప్పినాడు కదా. నానే నీ పేనం మీదకి తెచ్చినాను," అని ఏడ్చింది.

"నీ తప్పేటుంది? నాను వద్దన్నానేటి ఎప్పుడైనా?"

తాతబ్బాయి ఆకలితోనే చెయ్యి కడుక్కున్నాడు. ఆ పూట నూకరత్నం అసలు తినలేదు.