బ్యూరెట్ గీతల పక్కన పెన్సిల్ రాత

నేను ఒక కెమిస్ట్రీ రికార్డును. కుట్లు బిగించి, అట్ట వేసి ప్రెస్సువాళ్లు నన్ను బయటికి పంపిన రోజే, నా పేజీల్లోకి ఎక్కేవన్నీ నిజాలు కావని నాకు అనుమానం ఉండేది. సూర్యాపేటలో బీఎస్సీ రెండో సంవత్సరం చదివే నవనీత చేతికి వచ్చాక అది రుజువైంది. ఆమె సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, రంగు మారేదాకా చుక్కచుక్కగా ద్రావణం వదిలే టైట్రేషన్‌లో రీడింగు 10.2 అని మూడుసార్లు దించేసింది. మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి కుట్టుమిషన్ ముందు కూర్చోబెడతానని తండ్రి చెప్పేశాడు.

మా మీద సంతకం పెట్టేవాళ్లు మమ్మల్ని చదవరు. అందుకే కొత్తగా వచ్చిన కెమిస్ట్రీ లెక్చరర్ ఫర్జానా మేడం మూడో ప్రయోగం పక్కన పెన్సిల్‌తో నాలుగు వరుసలు రాసినప్పుడు నాకు భయం వేసింది. "ఈ అంకెలు నీవి కావు. రంగు మారే చుక్కను సరిగ్గా పట్టుకుంటున్నావు, చేయి నిదానం. మరి గీత చదవాల్సిన చోట ఎందుకు ఆగిపోతున్నావు? ఒకసారి వచ్చి కనపడు."

ఒక్క టిక్కుతో పోయే పనికి ఇంత రాసిందంటే వెనక ఏదో ఉండాలి. నవనీతకూ అదే అనిపించింది. స్నేహితురాలు సరిత ఇంకాస్త ఎగదోసింది.

"ప్రిన్సిపల్ సార్‌కు చూపెట్టనీకే రాసింది. రబ్బరుతో తుడిచెయ్ పిల్లా."

రబ్బరు నా మీదికి వచ్చింది. మొదటి మాటలో సగం పోయింది కూడా. ఎందుకో ఆగి, నవనీత నన్ను చంకన పెట్టుకుని ల్యాబుకు నడిచింది.

"నా ఒక్కదానికే ఎందుకు రాసిన్రు మేడం?"

"అందరికీ రాసిన. అడగనీకి వచ్చింది నువ్వే." మేడం ఆమెను ద్రావణం నింపిన గాజు గొట్టం, బ్యూరెట్ ముందు నిలబెట్టింది. "ఎంత ఉందో చదువు."

నవనీత కళ్లు చిట్లించింది. తల పక్కకు వంచింది. గాజుకు ఇంకాస్త దగ్గరికి జరిగింది. "గీతలు ఒకదాంట్లొకటి కలిసిపోతున్నయి మేడం. గాజు మీద అందరికీ అట్లనే కనపడతదేమో అనుకున్న."

మేడం ఆ వారమే ఆమెను కళ్ల డాక్టరు దగ్గరికి పంపింది.

అద్దాలొచ్చాక నవనీత ప్రయోగాలన్నీ మళ్లీ చేసింది. నాలో 10.1, 10.3, 9.8 అంటూ పొంతన లేని అంకెలు చేరాయి. పక్కనే మళ్లీ పెన్సిల్: "9.8 ఎందుకొచ్చింది? పిపెట్టు కడిగిన నీళ్లు లోపల మిగిలాయేమో చూడు." చూసింది. మిగిలాయి.

పరీక్షకు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నన్ను తిరగేసి కనుబొమలు ముడిచాడు.

"అందరియి ఒక్క తీరుగ ఉన్నయి. నీయే ఎందుకు వేరున్నయమ్మా? దొంగ లెక్కలా?"

"మీ ముందట మళ్ల చేస్త సార్."

నవనీత బ్యూరెట్ నింపి, చుక్కలు వదలడం మొదలుపెట్టింది. ఆయన పక్కనే నిలబడి మూడు రీడింగులూ తనే వంగి చదివాడు. అవీ ఒకదానికొకటి కొద్ది తేడాతోనే వచ్చాయి. తన కుర్చీకి తిరిగి వెళ్లి, మిగతా రికార్డులన్నీ మళ్లీ తెప్పించమన్నాడు.

నవనీత పాసైంది. మరుసటి ఏడాది మేడంను ఇంకో కాలేజీకి మార్చారు. నేనిప్పుడు స్టోరు గదిలో, పాత రికార్డుల కుప్పలో ఉన్నాను. అంత రాయడంలో మేడంకేం లాభమో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నా మీద సరిత రికార్డు తెరుచుకుని బోర్లా పడి ఉంది. అందులో మేడం రాసినవి ఆరు వరుసలు. ఎవరి వేలూ తగలక ఆ పెన్సిల్ ఇంకా మెరుస్తూనే ఉంది.