రెండోసారి వేసిన బొమ్మ

చిత్రకళలో డిగ్రీ ఇచ్చే కాలేజీలు దేశమంతా బోలెడు. చలికాలం ప్రవేశాల విడతలో మాత్రం మనిషికి మూడే దరఖాస్తులు. ఆ మూడూ ఎక్కడ పెట్టాలో దాగ్యోమ్‌ని ఎవరడిగారు గనక? ఆర్ట్ కోచింగ్‌లకు పేరుపడ్డ హోంగ్దే వీధిలో ఆమె రెండేళ్లుగా మెడలు విరిగేలా బొమ్మలు వేస్తున్న కోచింగ్ సెంటర్ యజమాని గూ సార్, దాగ్యోమ్ వాళ్లమ్మ కూర్చుని, బార్లీ టీ చల్లారేలోగా తేల్చేశారు. మూడూ డిజైనే. శిల్పమైతే రాళ్లు మొయ్యాలట, సిరామిక్ అయితే మట్టి పిసకాలట, చిత్రలేఖనం చదివితే చివరికి ఇలాంటి సెంటర్లోనే పిల్లలకు నేర్పుకుంటూ బతకాలట. గూ సార్ చదివింది చిత్రలేఖనమే లెండి.

దాగ్యోమ్‌కి కావలసింది కూడా అదే. నాలుగు రోజులు అమ్మతో మాటల్లేవు, మెతుకు సరిగ్గా ముట్టింది లేదు. మార్కెట్లో కిమ్చీ, పచ్చళ్లు అమ్ముకునే ఆ తల్లి ఎంతకని తట్టుకుంటుంది? మూడో దరఖాస్తు నీ ఇష్టమే, ఎలాగూ మొదటి రెండిట్లో ఒకటి వస్తుందిగా అంది.

రాలేదు. గూ సార్ పద్ధతిలో ప్రశ్న ఏదైనా బొమ్మ ఒకటే: ముందు పెద్ద వస్తువు, ఎడమ నుంచి వెలుతురు, వెనకంతా నీలం. సీట్లు కొట్టిన పాత పిల్లల బొమ్మలు గోడల నిండా వేలాడేవి, కొత్తవాళ్లు వాటినే చూసి చూసి దించాలి. రెండు పరీక్షల్లోనూ దాగ్యోమ్ అదే దించింది. హాల్లో సగం మంది అదే దించారు.

చిత్రలేఖనానికి పెట్టిన మూడో పరీక్షలో 'చేతులు' అని ఇచ్చారు. ఆమె చెయ్యి తనంతట తనే గాజు గోళం పట్టుకున్న చేతిని గీయడం మొదలెట్టింది. పక్కకి చూస్తే ఆ పిల్లా గాజు గోళమే గీస్తోంది. దాగ్యోమ్‌కి ఒళ్లు మండిపోయింది. గంటసేపు గీసిందంతా చెరిపేసి, అమ్మ కిమ్చీ కలిపాక కుళాయికి తగిలించే రబ్బరు చేతి తొడుగులు వేసింది. అంచున కారం మరక, లోపలికి తిరగబడిపోయిన ఒక వేలు, చుట్టూ బోలెడు ఖాళీ కాగితం. చేతుల్లేని చేతులు. రెండేళ్లలో మొదటిసారి బొమ్మ వేస్తూ సంతోషపడింది.

సీటొచ్చింది. అమ్మ కళ్లు తుడుచుకునేలోపే గూ సార్ ఫోను. పరీక్ష కాగితం కాలేజీ తిరిగివ్వదు కాబట్టి, సీటొచ్చిన ప్రతివాళ్లూ సెంటర్‌కి వచ్చి అదే బొమ్మ మళ్లీ వేసివ్వడం అక్కడ రివాజు. గోడకి తగిలిస్తారు, కరపత్రాల మీద వేసుకుంటారు. నేను వెళ్లనమ్మా అంది దాగ్యోమ్.

"రెండేళ్లు నేర్పిన మనిషే. ఒక్క బొమ్మ వేసివ్వడానికి నీకేం పోయింది?" అంది అమ్మ.

ఏం పోతుందో చెప్పడం చేతకాక వెళ్లింది.

సెంటర్లో ఆమె వెనక ముప్ఫై మంది జూనియర్లు నిలబడి చూస్తున్నారు. తొడుగులు సగం వేసేసరికి గూ సార్ వంగి చూశారు.

"ఇంత ఖాళీ వదిలావా?"

"వదిలాను సార్."

"ఉండదమ్మా. ఇలా వదిలితే సీటెలా ఇస్తారు? పరీక్ష కంగారులో ఏం వేశామో ఎవరికీ గుర్తుండదు."

తిట్టలేదు, కసరలేదు. ఎంతో ప్రేమగా ఆమె చేతిలో కుంచె తీసుకుని ఖాళీ అంతా నీలం నింపారు. ఎడమ నుంచి వెలుతురు తెచ్చారు. ఆ వేలు తిరగబడి ఉంటే తప్పులా కనిపిస్తుందని సరిచేశారు. అన్నిసార్లూ దాగ్యోమ్ నోరు తెరిచింది, అంతమంది ముందు పెద్దాయన్ని కాదనలేక మూసుకుంది. సాయంత్రానికి బొమ్మ గోడెక్కింది, కింద ఆమె పేరు. జూనియర్లు అప్పుడే కాగితాలు బిగించి దించడం మొదలెట్టారు.

ఇంటికొచ్చి, పోనీ తన కోసమైనా అసలుది వేసుకుందామని కూర్చుంది. తిరగబడింది ఏ వేలు? బొటనవేలా, ఉంగరపు వేలా? మరక ఏ తొడుగు మీద? కళ్లు మూసుకుంటే నీలమే. గంట కూర్చుంది. కాగితం మీద గీత పడలేదు.

అమ్మ ఫోను పట్టుకుని వచ్చింది. గూ సార్ ఫోటో పంపారట, మార్కెట్లో అందరికీ చూపించిందట.

"పరీక్షలో ఇంత బాగా వేశావుటే? అచ్చం ఇలాగే?"

దాగ్యోమ్ ఖాళీ కాగితం పక్కకి తోసింది.

"ఇలాగేనమ్మా" అంది.