పది చూపించు

ప్రెస్ దిగినప్పుడు వచ్చే చప్పుడు అందరికీ అలవాటే. ఆ రోజు వచ్చింది ఆ చప్పుడు కాదు. నోట్లోంచి సగం బయటికొచ్చి ఆగిపోయిన మాటలా వచ్చింది. ఎనిమిదో నంబరు ప్రెస్ మీదున్న అక్క తల తిప్పి చూసేసరికి, ఏడో నంబరు మీదున్న పిట్ట తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు చూస్తూ నిలబడి ఉంది. ఏడవలేదు.

"అక్కా, నా ఉంగరం" అంది, అంతే.

పిట్టకి పందొమ్మిదేళ్ళు. పనిలో చేరి పద్నాలుగు నెలలైంది. కబుర్లు ఆపదు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఉంగరపు వేలూ, దాని పక్కన చిటికెన వేలూ పోయాయి.

ఆ షెడ్డులో డబ్బాలకి మూతలు తయారవుతాయి. రేకు పెట్టాలి. అటొకటి ఇటొకటి ఉన్న రెండు బటన్లనీ రెండు చేతులతో ఒకేసారి నొక్కాలి. అప్పుడే ప్రెస్ దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే ప్రెస్ కింద చెయ్యి ఉండదు. ఆ మెషీన్ని తయారుచేసినవాడెవడో గానీ, మనిషి చేతుల మీద దయ ఉన్నవాడే. కానీ ఒక బటన్‌ని నొక్కిపట్టి తీగతో కట్టేస్తే ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ చేత్తో రేకులు తోస్తూ ఉండొచ్చు. మూతలు ఎక్కువొస్తాయి. ఆ తీగ ఆలోచన కాంట్రాక్టర్‌ది. ప్రతి ప్రెస్ పక్కనా ఒక తీగచుట్ట వేలాడదీయించాడు, దేవుడి పటం తగిలించినంత శ్రద్ధగా.

షిఫ్టు సూపర్‌వైజర్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. పొద్దున్నే కటింగ్ ప్లయర్ జేబులో వేసుకుని వరస పొడుగునా నడిచి తీగలు తెంపేవాడు. ఆయన అటు వెళ్ళగానే కాంట్రాక్టర్ మనుషులు మళ్ళీ కట్టేవాళ్ళు. పిట్టని ఆసుపత్రికి తీసుకెళ్ళాక ఆయన ఏడో నంబరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మూతల కుప్పలో వెతికి వెతికి ఉంగరం తీశాడు. కుళాయి కింద కడిగి, తన రుమాల్లో చుట్టి, "దాని తల్లికివ్వు" అని అక్క చేతిలో పెట్టాడు. తర్వాత ప్రమాదాల పుస్తకం తెరిచి రాశాడు: కుడి బటన్‌కి తీగ కట్టి ఉంది.

అప్పటికే ఎవరో ఆ తీగ తీసేశారు. నేల గొట్టంతో కడిగేశారు. ఇరవై నిమిషాల్లో ఏడో నంబరు మీద ఇంకో మనిషిని నిలబెట్టారు.

ఆ షెడ్డులో ఒక అలవాటుంది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. షిఫ్టు మారేటప్పుడు, దిగేవాళ్ళు రెండు అరచేతులూ ఎత్తి ఎక్కేవాళ్ళకి చూపించి "పది" అంటారు. ఎక్కేవాళ్ళూ చేతులెత్తి "పది" అంటారు. అప్పుడే మెషీన్ చేతులు మారుతుంది. అదనకుండా దిగినవాళ్ళు లేరు, పెళ్ళి ముహూర్తానికి పరిగెత్తేవాళ్ళు కూడా. ఆ రోజు రెండింటికి ఏడో నంబరు దగ్గర ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు పెద్దాయన రాలేదు. పుస్తకం కూడా బల్ల మీద లేదు.

నాలుగో రోజు గేటు పక్కన నోటీసు అంటించారు. షిఫ్టు సూపర్‌వైజర్ కావలెను. ఇంటర్వ్యూలు శుక్రవారం.

*

రెండింటికి షిఫ్టు దిగినవాళ్ళంతా సైకిళ్ళ షెడ్డులో చేరారు. పైన రేకుల మీద వాన. గట్టిగా అరిస్తే తప్ప వినపడదు, అదే మంచిదైంది.

"ఒక్కడు కూడా పోకూడదు" అన్నాడు ఫిట్టర్. మెషీన్లు చెడిపోతే బాగుచేసేవాడు, మాట మాత్రం ఎప్పుడూ స్పానర్ విసిరినట్టే ఉంటుంది. "పెద్దాయన కుర్చీ అది. ఇంకా వేడి కూడా చల్లారలేదు. అందులో కూర్చునేవాడు ఎవడో చూస్తా."

"నువ్వు పోవు. నేను పోను. వాళ్ళు బయట నుంచి ఓ రౌడీని తెచ్చి కూర్చోబెడతారు. అప్పుడేం చేస్తావ్, బాబాయ్? పాట పాడతావా?" అంది ప్యాకింగ్‌లో పనిచేసే పొడుగామె.

"అయితే మనలో ఒకర్ని పంపుదామా? కుర్చీ ఎక్కాక మన మనిషి మన మనిషిగా ఉంటాడా?"

"ఉండడు."

"ఉంటాడు! అందరూ నీలాంటివాళ్ళేనా?"

"నోరు అదుపులో పెట్టుకో!"

అరుపులు పెరిగాయి. ఇద్దరు కాలర్లు పట్టుకోబోయారు. అక్క ఒక్కతీ మాట్లాడలేదు. ఫిట్టర్ అది కనిపెట్టాడు.

"పదకొండేళ్ళ సీనియరువి. ఏం పలకవేం అక్కా? నువ్వు పోతున్నావా ఏంటి?"

"పోదామనే ఉంది" అంది అక్క.

కాలర్లు పట్టుకోబోయిన ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"అబద్ధం ఎందుకాడాలి? నా కుడిచెయ్యి మణికట్టు కింద మొద్దుబారిపోయింది. సీసా మూత మా ఆయన తీసిపెడుతున్నాడు. మూతలు చేసేదాన్ని, మూత తీయలేను." ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. "ఇంకో ఆరు నెలలు. ఆ తర్వాత రేకు జారితే నాకు తెలీను కూడా తెలీదు. కుర్చీ వస్తే చేతులు మిగుల్తాయి. నిన్న రాత్రి అన్నం దగ్గర మా ఆయన కూడా అదే అన్నాడు, తీసుకోవే అని. అందుకే మాట్లాడలేదు. మాట్లాడితే నాకోసం మాట్లాడినట్టుంటుందని."

ఫిట్టర్ తలొంచుకున్నాడు. పొడుగామె అక్క కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది, సభ జరుగుతున్నంతసేపూ వదల్లేదు.

అప్పటిదాకా మూల నిలబడి నోటీసు కాగితం చదువుతున్న సోడాబుడ్డి గొంతు సవరించుకున్నాడు. లావు కళ్ళద్దాల మనిషి. గేటు దగ్గర అంటించిన నోటీసునే పీక్కొచ్చేశాడు.

"ఓయ్, అందరూ తిట్టుకోవడం అయ్యాక ఇది వినండి. 'ఏడాది పైబడిన అనుభవం గల వారెవరైనను అర్హులు. అభ్యర్థులు తమ ఇంటర్వ్యూ ముగియువరకు విధుల నుండి మినహాయింపబడుదురు.'"

"అంటే?"

"పాత ఆఫీసు నోటీసు ఏదో ఉన్నదున్నట్టు దించేసుంటాడు గుమాస్తా. అంటే, నువ్వు దరఖాస్తు పెడితే నీ వంతు వచ్చేదాకా మెషీన్ మీద ఉండక్కర్లేదు. వాళ్ళే రాశారు. మేనేజర్ సంతకం కూడా ఉంది."

"మనం ఎంతమందిమి?"

"నలభై ఒకరం."

మొదట పొడుగామె నవ్వింది. తర్వాత ఫిట్టర్. "నేను సూపర్‌వైజర్నా? మా ఆవిడ కాళ్ళకి దండం పెడుతుందిరా!" అన్నాడు. నవ్వు షెడ్డంతా పాకింది.

"నవ్వింది చాలు" అన్నాడు సోడాబుడ్డి. "లోపలికి వెళ్ళిన ప్రతి ఒక్కరూ అడగాల్సినవి రెండే. పెద్దాయన ఎక్కడ? తీగలు ఎప్పుడు పోతాయి? మొదట ఎవరు వెళ్తారు?"

అందరూ అక్క వైపు చూశారు. ఆ చూపుల్లో నమ్మకమూ ఉంది, అనుమానమూ ఉంది. రెండూ న్యాయమే అనుకుంది అక్క.

*

శుక్రవారం పొద్దున్నుంచే గేటుకి ఎదురుగా ఒక వ్యాన్ ఆగి ఉంది. కిటికీలకి ఇనుప జాలీ. లోపల మనుషులు కదులుతున్నారు గానీ దిగడం లేదు. వాచ్‌మన్ తాత ఎవరి మొహమూ చూడకుండా హాజరు వేశాడు. అక్క వంతు వచ్చేసరికి, పెన్ను పారేసుకున్నట్టు వంగి, "అమ్మా, నీ డబ్బా నా దగ్గర ఉంచిపో. సాయంత్రం దాకా పాడవకుండా చూస్తా" అన్నాడు. సాయంత్రం వరకు ఎందుకు, రెండింటికే కదా దిగేది అని అక్క అడగబోయింది. అడగలేదు. టిఫిన్ డబ్బా ఇచ్చేసింది.

ఇంటర్వ్యూ గది షెడ్డు పైన ఉంది, చుట్టూ అద్దాలు. కింద నుంచి చూస్తే లోపలివాళ్ళ వీపులు కనిపిస్తాయి, మాటలు వినపడవు. పదకొండు గంటలకి మెట్ల కింద లైను మొదలైంది. ఐదుగురు వస్తారనుకున్న మేనేజర్ అద్దం దగ్గరికొచ్చి కిందకి చూశాడు. లైను మెట్ల నుంచి మొదలై, పన్నెండు ప్రెస్సులనీ దాటి, కుళాయి దాకా ఉంది. ప్రెస్సులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. పదకొండేళ్ళలో ఆ షెడ్డులో గోడ గడియారం చప్పుడు వినడం అక్కకి అదే మొదలు.

మొదట లోపలికెళ్ళిన అక్క మీద మేనేజర్ కోప్పడలేదు. అది చూసే అక్కకి భయమేసింది.

"కూర్చోమ్మా" అన్నాడు మెత్తగా. కుర్చీలో దిండు కూడా ఉంది. కాంట్రాక్టర్ కిటికీ దగ్గర నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు. "చెయ్యి ఎలా ఉంది? కుడిది. మొద్దుబారింది కదూ?"

సభలో చెప్పిన మాట. నలభై ఒకరిలో ఎవరో మోశారు. అక్క కుడిచెయ్యి ఒళ్ళో దాచుకుంది.

"భయపడకు. నీకు కుర్చీ అవసరం, మాకు మనిషి అవసరం. మిగతావాళ్ళని పిలవను కూడా పిలవను. ఈ రోజు నుంచే నువ్వు."

"పెద్దాయన ఎక్కడ సార్?"

"ఆయన అలసిపోయాడమ్మా."

"తీగలు ఎప్పుడు తీసేస్తారు?"

కాంట్రాక్టర్ ఇటు తిరిగాడు. "ఏంటమ్మా, ఇంటర్వ్యూ నీకా మాకా?" బల్ల మీద మూరెడు తీగ, ఒక ప్లయర్ పడేశాడు. ఆ ప్లయర్ పెద్దాయనది. పిడికి ఆయన చుట్టుకున్న నీలం గుడ్డపీలిక అలాగే ఉంది. "కిందకెళ్ళు. ఏడో నంబరుకి కట్టు. అందరూ చూడాలి. అదే నీ ఇంటర్వ్యూ."

"కట్టకపోతే?"

"బయట వ్యాన్ చూశావుగా" అన్నాడు మేనేజర్, ఇందాకటంత మెత్తగానే.

అక్క తీగ తీసుకుంది. ప్లయర్ కూడా. మెట్లు దిగుతుంటే ఆమె చేతిలో ఏముందో లైనంతా చూసింది. ఎవరో "అయిపోయింది" అన్నారు. పొడుగామె మొహం పక్కకి తిప్పుకుంది. ఫిట్టర్ ఆమె దారికి అడ్డంగా ఒక అడుగు వేశాడు.

"అక్కా, ఒద్దు."

"జరుగు బాబాయ్."

ఏడో నంబరు ముందు నిలబడింది. నేల ఎంత కడిగినా ప్రెస్ కాళ్ళ మూలల్లో ఇంకా నల్లగా ఉంది. పైన అద్దం వెనక రెండు ఆకారాలు. అక్క చెయ్యి బటన్ దాకా వెళ్ళింది. అక్కడ ఆగలేదు. గోడ మీద ఆ ప్రెస్‌కున్న మెయిన్ స్విచ్ పిడిని పట్టుకుని కిందకి లాగింది. ఏడో నంబరుకి కరెంటు పోయింది. పిడిని తీగతో పెట్టె కొక్కేనికి చుట్టి, ప్లయర్‌తో మెలి మీద మెలి తిప్పింది. కుడిచేతికి పట్టు తెలియడం లేదు. పళ్ళు బిగించి రెండు చేతులూ కలిపి తిప్పింది.

తర్వాత ప్లయర్ ఫిట్టర్‌కిచ్చింది.

"నీ ఇంటర్వ్యూ" అంది.

తీగకి కొరత లేదు. ప్రతి ప్రెస్ పక్కనా కాంట్రాక్టర్ వేలాడదీయించిన చుట్ట ఉండనే ఉంది. ఆరో నంబరు, ఐదో నంబరు, నాలుగు. పొడుగామె కళ్ళు తుడుచుకుంటూనే మెలి తిప్పింది. సోడాబుడ్డికి కనపడక వేలు గీసుకుని, "ప్రమాదాల పుస్తకం తేండిరా!" అని అరిచాడు. పన్నెండు పిడులూ కిందకి దిగి కట్టుబడ్డాయి. పైన అద్దం మీద కాంట్రాక్టర్ అరచేత్తో కొడుతున్నాడు. అతని అరుపు మొదటిసారి కిందకి వినపడింది.

*

రెండింటికి పది నిమిషాల ముందు వ్యాన్ లోపలికొచ్చింది. దిగిన పోలీసు అధికారి కాగితం చదివాడు. మెషీన్లకి నష్టం కలిగించడం. ప్రేరేపించడం.

"తీగ కట్టడం నేరమా సార్?" అంది అక్క. "అయితే ఇక్కడ నాలుగేళ్ళుగా నేరం జరుగుతోంది. అది ముందు రాసుకోండి."

"ఎక్కు."

ఆమెనీ, ఫిట్టర్‌నీ, సోడాబుడ్డినీ ఎక్కించారు. పాపం సోడాబుడ్డి కళ్ళద్దాలు కింద పడితే, జీతానికి వచ్చిన ఒక కుర్ర పోలీసు వంగి తీసి, చొక్కాకి తుడిచి, ఆయన చేతిలో పెట్టాడు.

వ్యాన్ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. గేటు మూసి ఉంది. అవతల రెండో షిఫ్టు వచ్చి నిలబడింది. వాళ్ళ ముందు పిట్ట ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు, మెళ్ళో తాడుకి ఉంగరం.

"నీకు సెలవు కదా, ఎందుకొచ్చావే తల్లీ?" అన్నాడు తాత.

"ఇంటర్వ్యూకి, తాతా. లైను ఎక్కణ్ణుంచి?"

మెట్లు దిగి పరిగెత్తుకొచ్చిన కాంట్రాక్టర్ రొప్పుతూ ఆగాడు. "నువ్వా? నీకేం అనుభవం ఉంది?"

పిట్ట ఎప్పుడూ ఒక ప్రశ్నకి పది మాటలు చెప్పే పిల్ల. ఈసారి చెప్పలేదు. రెండు చేతులూ ఎత్తి చూపించింది.

"ఎనిమిది" అంది.

 అధికారి గేటు తెరవమని అరిచాడు. తాత తాళంచెవి కోసం జేబులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. చొక్కా జేబు, ప్యాంటు జేబు, మళ్ళీ చొక్కా జేబు. ముప్పై ఏళ్ళుగా ఆ తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంటుందని అందరికీ తెలుసు.

వ్యాన్ లోపల అక్క లేచి నిలబడింది. రెండు అరచేతులూ ఇనుప జాలీకి ఆనించింది. ఎడమ అరచేతికి ఇనుము చల్లగా తగిలింది, కుడి అరచేతికి తెలియలేదు.

"పది" అంది రెండో షిఫ్టుతో.

గేటు అవతల చేతులు లేచాయి. ముందు ఒకటి రెండు జతలు, తర్వాత లెక్కపెట్టలేనన్ని.

షిఫ్టు మారింది.