చెరిపే హక్కు ఎవరికి?

పుట్టగొడుగును ఆమడ దూరం నుంచి చూసి, దాని ఏడు తరాల చరిత్ర చెప్పగలవాణ్ణి నేను. అలాంటి నాకే బుద్ధి చెప్పిన ఒక దర్జీ అక్కయ్య కథ ఇది. చదువరులారా, ఓ చెవి ఇటు పారేయండి.

నాలుగు చినుకులు పడితే చాలు, అక్కయ్య ఫోన్లో నడిపే పుట్టగొడుగుల గ్రూపు సంతలా హోరెత్తిపోతుంది. ఎక్కడెక్కడివాళ్ళో ఫోటోలు పెట్టి "ఇది తినొచ్చా?" అని అడుగుతారు. ఎవరైనా తప్పుడు జవాబిస్తే దాన్ని తీసెయ్యగలిగే అడ్మిన్ మాత్రం ఆవిడొక్కతే.

"ఇంకొకరికి కూడా ఆ హక్కు ఇవ్వరాదూ? నీకేమైనా వెయ్యి కళ్ళున్నాయా?" అనేది, పక్కన కూర్చుని కాజాలు కుట్టే వదిన.

"ఎవరికిమ్మంటావ్ వదినా? ఆ లెక్కల మాస్టారికా? నేను ఔనంటే ఆయన కాదంటాడు!"

ఒకరోజు కోటు గుడ్డ కత్తిరిస్తుంటే ఫోను మోగింది. మాస్టారు! "పొద్దున్నే తగువుకి తయారు" అంటూ కట్ చేసింది. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేసింది. మూడోసారి వదిన ఫోను లాక్కుని స్పీకర్లో పెట్టింది.

"అమ్మా, నన్ను తర్వాత తిట్టుకుందురుగాని, ముందు గ్రూపు చూడండి! ఒకావిడ కూర పొయ్యి మీద పెట్టేసింది. ఎవడో 'నిశ్చింతగా తినండి' అన్నాడు, జనమంతా చప్పట్లు. కాండం మొదట్లో సంచిలాంటిది కనిపిస్తోంది, అది విషం! నా మాట అడుగున పడిపోయింది. ఆ జవాబు తీసేద్దామంటే నా చేతిలో ఏముంది?"

ఆ ఫోటో చూస్తే నేనూ వండుకోమనేవాణ్ణే. ఏడు తరాలూ లేవు, ఎనిమిదీ లేవు, నాకు తెలిసింది గుండుసున్నా!

అక్కయ్య కత్తెర ఎటు పోయిందో! ఆ జవాబు పీకేసి, "తినొద్దు" అని పెట్టి, ఫోటో పెట్టినావిడ నంబరుకి ఫోన్ కొట్టింది.

"ఏమ్మా, తిన్నారా?"

"లేదక్కా, ఇప్పుడే వడ్డిస్తున్నా."

"వడ్డించకు! పారబొయ్యి తల్లీ! విషం అది!"

గిన్నె దబ్బున బోర్లించిన చప్పుడు. వెంటనే అవతల పిల్లలు "ఆకలీ!" అని రాగం అందుకున్నారు. ఆ ఏడుపు వింటూ వదినా మరదళ్ళు ఒకరినొకరు పట్టుకుని గెంతారు.

మధ్యాహ్నానికల్లా మాస్టారికీ, అనుభవమున్న మరో ఇద్దరికీ హక్కు అందింది.

"నాకా? రోజూ మీతో పోట్లాడేవాణ్ణి కదమ్మా!" మాస్టారు ఉక్కిరిబిక్కిరయ్యారు.

"అందుకేనండీ. తలూపేవాళ్ళకిస్తే నా తప్పు దిద్దేదెవరు? మీకెప్పుడో ఇవ్వాల్సింది, పొరపాటు నాదే."

పదిమంది మేలుకోసం కట్టిన ఇంటి తాళంచెవి ఒక్కరి కొంగునే ఉంటే, ఆ ఒక్కరూ ఏమరిచిన క్షణాన అందరికీ ముప్పే. నమ్మదగినవాళ్ళతో హక్కు పంచుకుంటే పెద్దరికం తగ్గదు, కాపలా పెరుగుతుంది.

అన్నట్టు, ఆ "పొరపాటు నాదే" అన్న ముక్క మాత్రం నా కల్పన. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషా ఆవిడ? హక్కు మాత్రం ఇచ్చేసింది, కిక్కురుమనకుండా!