రెండో బ్రేకు

బయలుదేరే రోజు పొద్దున్నే మా ఆడపడుచు టీ ఫ్లాస్కుతో వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, పక్క సీటు తలుపు తీసి, కిందికి వంగి చూసింది.

"వదినా, ఇది ఇంకా తీయించలేదా?"

ఆమె అడిగింది రెండో బ్రేకు గురించి. డ్రైవింగ్ స్కూలు కార్లకి అది ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే పక్కన కూర్చున్న మాస్టారు తన కాలితో బండి ఆపేయడానికి. మా వారు ముప్పై ఏళ్లు ఆ పెడల్ మీద కాలు ఆనించుకునే బతికారు. స్కూలు మూసేశాక కారు తలుపుల మీది పేరు చెరిపించారు, పైనున్న బోర్డు పీకించారు, బ్రేకు మాత్రం ఉంచేశారు.

"ఉంటే నీకేం బరువు?" అన్నారాయన, డిక్కీలో పెట్టె సర్దుతూ.

"నాకేం బరువన్నయ్యా! నడిపేది వదిన."

"నడపనీ. నేను వద్దన్నానా?"

"నోటితో అనవు. ఆ కాలు ఊరుకుంటుందా?"

ఊరుకోదని నాకూ తెలుసు. అయినా ఆ పూట పట్టు పట్టలేకపోయాను. లైసెన్సు రెన్యూవల్‌కి వెళ్తే కంటి పరీక్షలో ఆయన్ని ఆపేసి అప్పటికి ఏడాది. ఎదురుగా ఉన్నదైతే చీమ కాళ్లు కూడా లెక్కపెడతారు, పక్కన ఉన్నది కనిపించదు. కంటి నరం దెబ్బతింది, పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది అంది డాక్టరు. "పెళ్లయిన ఇన్నేళ్లకి పక్కచూపులు మానేశాడన్నమాట" అని ఆడపడుచు నవ్వించింది. ఆయనా నవ్వారు. ఆ వారంలోనే స్కూలుకి తాళం వేశారు.

ఇక ఈ ప్రయాణం ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ లేదు. నేను నడిపితేనే ఉంది.

ఈ ప్రయాణం ఆలోచన మా కాపురమంత పాతది. డిగ్రీలో నేను భూగోళం చదివాను. కొత్త కాపురానికి తెచ్చుకున్న సామానులో నా కాలేజీ అట్లాసు ఒకటి. పుస్తకాల షాపు మీద ఒంటిగది వాటా, ఒకే కిటికీ. ఒక ఆదివారం మధ్యాహ్నం నేల మీద ఆ అట్లాసు పరుచుకుని, ఈ చివరి సముద్రం నుంచి ఆ చివరి సముద్రం దాకా పెన్సిలుతో గీత గీశాం. "తొమ్మిది రోజులు చాలు. వచ్చే వేసవికి వెళ్దాం," అన్నారు.

లోకమంతటికీ సెలవులంటే ప్రయాణాలు. మాకు సెలవులంటే రద్దీ. కాలేజీ పిల్లలు, బడిపంతుళ్లు, అందరికీ కారు నేర్చుకోవాలని అప్పుడే బుద్ధి పుడుతుంది. ఏటా వచ్చే వేసవి అన్నాం. గీత మాసిపోయినప్పుడల్లా నేను మళ్లీ దిద్దాను. మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అది నది అనుకుని నీలం రంగు వేసింది. దేశంలో లేని నది ఒకటి మా ఇంటి అట్లాసులో పారుతుండేది.

ఆ ఒంటిగది రోజుల్లోనే ఆయన నాకు కారు నేర్పడం మొదలుపెట్టారు. మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ స్థలంలో, ఎండ ఎక్కకముందు. ఊరందరితో ఎంతో ఓర్పుగా మాట్లాడే మనిషి నా పక్కన కూర్చునేసరికి వేరే మనిషి అయిపోయేవారు. "క్లచ్చి వదలకు అంటే వదులుతావేం? నీ కాలు నీ మాట వినదా?" నేను తప్పు చేస్తానేమోనన్న భయంతో నేను చేసేలోపే బ్రేకు నొక్కేవారు. ఆ రెండు బ్రేకులూ కలిపే ఉంటాయి. ఆయన నొక్కితే నా కాలి కిందిది దానంతటదే కిందికి దిగిపోయేది, మెట్టు ఉందనుకున్న చోట లేనట్టు. ఆరో రోజు గేటు దగ్గర అలా నొక్కితే నా నుదురు స్టీరింగుకి కొట్టుకుంది. దిగి, చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటికి నడిచొచ్చేశాను. వారం రోజులు మా ఇంట్లో ఉప్పు, నీళ్లు అన్న మాటలు తప్ప వేరే మాటలు లేవు.

తర్వాత జరిగింది ఆయనకి చెప్పలేదు. పైవీధిలో ఇంకో డ్రైవింగ్ స్కూలు ఉండేది. దాన్ని నడిపేది అంతకుముందు అంబులెన్సు నడిపిన ఆవిడ. పైవీధి మేడమ్ అనేవారు. ఆయనకి ఆవిడ పేరెత్తితే గిట్టదు. నేను లైబ్రరీకని చెప్పి పదకొండింటికి ఆవిడ దగ్గరికి వెళ్లేదాన్ని. మొదటి రోజే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మాస్టారి భార్యవి కదూ? ఆయన మంచి టీచరే, పరాయివాళ్లకి," అంది.

ఆవిడ కారులోనూ రెండో బ్రేకు ఉంది. కానీ చెప్పులు విప్పి, కాళ్లు సీటు మీదికి మడుచుకుని కూర్చునేది. "మేడమ్, నేను ఆపలేకపోతే?" అన్నాను. "ఇద్దరం పోతాం. అది గుర్తుంటే నువ్వే ఆపుతావు," అంది.

నలభై రోజులకి నాకు బండి వచ్చేసింది. ఏడాది తర్వాత ఆయన రాజీకొచ్చి, "ఇంకొక్కసారి చూద్దాం రా," అని మిల్లు వెనక్కి తీసుకెళ్లారు. నేను మంచినీళ్లు తాగినట్టు నడిపాను. ఆయన ముఖం చూడాలి! ఆరు క్లాసుల్లో తను నేర్పిందే ఏడాది పాటు నాలో ఇంకి ఇలా పైకొచ్చిందని నిశ్చయించుకున్నారు. నిజం నోటిదాకా వచ్చింది, ఆ సంతోషం చూసి మింగేశాను. ఆనాటి నుంచి కొత్త బ్యాచి వస్తే చాలు, మొదటి పాఠం నా కథే. "మా ఆవిడకి ఆరంటే ఆరు క్లాసులు. తర్వాత ఏడాది విశ్రాంతి. నేర్చుకున్నది ఇంకాలి నాయనా, తొందరపడకండి."

అలాంటి మనిషి పక్కన, అదే బ్రేకుతో, ఆ పొద్దున్న బయలుదేరాను.

పాలబూతు దాటాం, పోస్టాఫీసు దాటాం, రైలు గేటు దాటాం. ఊరు వదిలేలోపే ఆయన కాలు నాలుగుసార్లు పడింది. "కుక్క," అన్నారు ఒకసారి. "సైకిలు," అన్నారు ఇంకోసారి. రెండూ నేను ముందే చూసినవి. ఓర్చుకున్నాను. పెద్ద రోడ్డెక్కాక కాసేపు బాగానే ఉంది. ఫ్లాస్కు తెరిచి మూతలో టీ పోసిచ్చారు, ఒంటిగది కిటికీలో నుంచి కనిపించే గడియారపు షాపు గుర్తుందా అన్నారు. గుర్తుందన్నాను. ఒక్కో గడియారం ఒక్కో టైము చూపించేదని ఇద్దరం నవ్వుకున్నాం.

పదకొండు గంటలప్పుడు రోడ్డు పక్క ఆగి ఉన్న లారీ మీద టార్పాలిన్ ఒకటి గాలికి ఎగిరెగిరి పడుతోంది. అర కిలోమీటరు దూరం నుంచీ నాకు కనిపిస్తూనే ఉంది. ఆయనకి అది కంటి అంచు దాటి ఒక్కసారిగా మీద పడ్డట్టుంది. పెడల్ అడుగంటా నొక్కేశారు. కారు కీచుమంటూ ఆగింది. వెనక వస్తున్న బస్సు హారను మోగిస్తూ మమ్మల్ని వెంట్రుకవాసిలో తప్పించుకుపోయింది. దాని గాలికి మా కారు ఊగింది. బస్సు డ్రైవరు కిటికీలోంచి నన్నే తిట్టాడు.

కారు పక్కకి తీసి ఆపాను.

"ఏవండీ, ఆ బ్రేకు తీసేయాలి. లేదంటే ఇక్కడి నుంచే వెనక్కి తిప్పుతాను."

"ఏదో మీదికి వచ్చిందనుకున్నాను."

"మీకు అలాగే అనిపిస్తుంది. ఇక అలాగే అనిపిస్తుంటుంది. తొమ్మిది రోజులు నేను ఇలా నడపలేను."

"అంతేలే!" ఆయన గొంతు పెరిగింది. "ఈ బ్రేకు మీదే కదా నేర్చుకున్నావు? ఆరు క్లాసులకి పనికొచ్చింది, ఇప్పుడు అడ్డమొచ్చిందా?"

ముప్పై ఏళ్లు దాచిన మాట ఎలా బయటికొచ్చిందో నాకే తెలీదు. "నేను మీ దగ్గర నేర్చుకోలేదు," అన్నాను.

చెప్పేశాక భయమేసింది. చూపు పోయింది, లైసెన్సు పోయింది, స్కూలు పోయింది. ఆ మనిషికి మిగిలిన గొప్ప ఇదొక్కటే. ఆయన తలుపు తీసుకుని దిగి, మైలురాయి దాకా నడిచి, నాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఆ వీపు చూస్తూ, కారు వెనక్కి తిప్పడానికి చోటు ఎక్కడుందా అని వెతుక్కున్నాను.

చాలాసేపటికి తిరిగొచ్చి కిటికీ మీద చెయ్యేశారు.

"ఎవరు?"

"పైవీధి మేడమ్."

"ఎన్నాళ్లు?"

"నలభై రోజులు."

"మరి లైబ్రరీ?"

"అదే లైబ్రరీ."

"రోజూ వెళ్తోంది, ఎంత చదువరో అని మా అమ్మకి కూడా చెప్పానే!" ఆయన నోరు వంకర తిరిగింది. నవ్వో ఏడుపో తేలలేదు. "పిల్లలందరికీ ఇంకాలి, ఇంకాలి అని చెప్పాను. ఎంతమంది నా మాట నమ్మి మధ్యలో మానేసి ఇంట్లో కూర్చున్నారో!"

"కొందరికి ఇంకే ఉంటుందిలెండి."

"ఊరుకో." మళ్లీ ఆయనే అడిగారు. "ఆవిడ బ్రేకు నొక్కేదా?"

"ఒక్కసారీ నొక్కలేదు."

ఆయన తల ఊపారు. ఒక పనివాడు ఇంకో పనివాడి పని చూసి ఊపినట్టు. "అయితే బండి పోనీ, ముందు ఏదైనా మెకానిక్ షాపు ఉందేమో చూద్దాం," అన్నారు.

రెండు కిలోమీటర్ల అవతల పంక్చర్ల షాపు కనిపించింది. షాపతను తీస్తానంటే ఈయన ఒప్పుకోలేదు. స్పానరు అడిగి తీసుకుని, సీటు కిందికి తల దూర్చి, తడుముకుంటూ బోల్టులు విప్పారు. ఆ పనికి ఆయనకి చూపు అక్కర్లేదు. లోపలి నుంచి మాట మాత్రం వినిపించింది. "మా గురువు పాల వ్యాను డ్రైవరు. తప్పు చేస్తే మణికట్టు మీద కొట్టేవాడు. టెస్టు నేను రెండుసార్లు తప్పాను."

"నాకు ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు చెప్పావా?"

నల్లబడ్డ చేతులు కడుక్కుని, వచ్చి పక్కన కూర్చున్నారు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తోచక కాసేపు ముందుకి చాపి, కాసేపు వెనక్కి లాక్కున్నారు. నేను బండి తీశాను. పెద్ద వంపు వచ్చింది, ముందే వేగం తగ్గించి తిప్పాను. ఎదురుగా లారీ వచ్చింది. ఆయన సీటు అంచు పట్టుకున్నారు.

చాలా దూరం పోయాక, "నా పక్కన ఏముంది?" అని అడిగారు.

"పొద్దుతిరుగుడు చేను. మధ్యలో ఒకావిడ ఎర్ర గొడుగేసుకుని నిలబడింది. వెనక చిన్న గుట్ట, దాని మీద తెల్లటి ఇల్లు. ఇంటి ముందు దుప్పట్లు ఆరేస్తున్నారు, ఒకటి గాలికి..."

"చాల్చాలు," అన్నారాయన. "రోడ్డు చూడు."