పొట్ట మీద కోటు, భూమి మీద కాగితం

శుక్రవారం వచ్చిందంటే ఆ ఇంట్లో ఒక పిల్లకి గుండెల్లో రాయి పడేది. ఆ రోజు హైస్కూల్లో అందరికీ ఒక కాగితం పంచుతారు. లైబ్రరీ టీచరు ఓపిగ్గా కూర్చుని వారం వారం తయారుచేసే కాగితం. ముందువైపు స్కూలు కబుర్లు: ఎవరో గొడుగు మర్చిపోయారు, పరుగుపందెంలో ఎవరో గెలిచారు, మూడో అంతస్తులో కుళాయి బాగుచేయించాం, దయచేసి మళ్లీ విరగ్గొట్టకండి. వెనకవైపు మాత్రం పెద్ద అక్షరాలతో "విద్యార్థులకు అవకాశాలు". ఆ పిల్ల తల్లి ముందువైపు చచ్చినా చూసేది కాదు. పోయిన గొడుగు తమదే అయినా సరే, కాగితం తిప్పి వెనకవైపే చదివేది. అదీ పెన్సిలు పట్టుకుని.

ఆవిడ దర్జీ. వీధిలోకి తెరుచుకునే ముందుగదిలోనే మిషను. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఆ సూదులు తియ్యకుండానే గడగడా మాట్లాడేస్తుంది, అదేం విద్యో ఏమో! చేతికి వచ్చిన గుడ్డముక్క ఒక్కటి కూడా పారేసే రకం కాదు. కాగితంలో అచ్చైన అవకాశం కూడా ఆవిడ లెక్కలో అంతే.

పిల్లకి పదిహేనేళ్లు. కూర్చోబెట్టిన చోటల్లా కునుకు తీస్తుందని, బస్సు డ్రైవరు పని చేసే తండ్రి ముద్దుగా "కునుకు" అన్నాడు. ఇంటాబయటా ఆ పేరే ఖాయమైపోయింది. పాపం, ఆ పేరు పెట్టించుకున్న పిల్లకి రెండేళ్లుగా కంటినిండా నిద్ర లేదు. తల్లి చేర్పించని చోటంటూ లేదు మరి. ప్రథమ చికిత్స నేర్చుకుంది. తండ్రి మోచేతికి తను కట్టిన కట్టు విప్పలేక చివరికి తల్లి కత్తెరతో కత్తిరించాల్సొచ్చింది. చర్చాపోటీలో ఎదుటి జట్టు చెప్పిందంతా శ్రద్ధగా విని, "వాళ్లన్నదే నిజమనిపిస్తోందండీ" అని వచ్చి కూర్చుంది. పాటల బృందంలో పెదాలు కదిపితే చాలు, గొంతు వద్దన్నారు. తేనెటీగల మీద ఉపన్యాసానికి వెళ్లి, ఆ జుమ్మనే చప్పుడు వినిపించగానే హాయిగా నిద్రపోయి, అందరూ చప్పట్లు కొడుతుంటే ఉలిక్కిపడి లేచి తనూ కొట్టింది.

"ఆదివారం ఒక్కటి నాకు వదిలెయ్యమ్మా" అని బతిమాలేది.

"నిద్రపోతే ఎవరన్నా సర్టిఫికెట్ ఇస్తారటే?"

"ఇస్తే మొదటి బహుమతి మనింటికే" అనేవాడు తండ్రి, పళ్లెంలోంచి తలెత్తకుండా. తలెత్తితే తనని కూడా ఎందులో చేర్పిస్తుందోనని ఆయన భయం.

సెలవులకి ముందు వచ్చిన ఆఖరి కాగితంలో ఒక ప్రకటన పడింది. సర్వే ఆఫీసులో మ్యాపుల శిబిరం, రెండు వారాలు, పదిమందికే చోటు. కింద ఒక ప్రశ్న: "భూమి గుండ్రం, కాగితం చదును. గుండ్రటిదాన్ని చదునుగా ఎలా పరుస్తారని నీ ఊహ? విద్యార్థి స్వయంగా రాయాలి."

మిషను ఆగిపోయింది. ఆవిడ ఆ ప్రశ్నని మూడుసార్లు చదివింది. నోట్లో సూదులు తీసి పక్కన పెట్టి మరీ చదివింది. "దీని దుంప తెగ! ఇది నా పనే కదూ" అనుకుంది. ఆ క్షణం నుంచి ఆ పది సీట్లలో ఒకటి తమ ఇంటికి రాకపోతే బతుకే దండగ అన్నట్టు అయిపోయిందావిడకి.

ఆదివారం మధ్యాహ్నం కూతుర్ని ఫారం ముందు కూర్చోబెట్టింది. కునుకు తన పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది, ఆ తేదీ మీదే తలపెట్టి పడుకుంది. తల్లి భుజం పట్టుకుని ఊపింది. లాభం లేదు. సరే, పిల్ల తరఫున నాలుగు ముక్కలు గిలికేస్తే ఏం పోయిందిలే అని పెన్ను తీసుకుంది. ఫారంలో ఇచ్చిన ఐదు గీతలు కళ్లు మూసి తెరిచేలోపు నిండిపోయాయి. కొలతలు గీసుకునే మందపాటి కాగితం చింపి దాని మీద రాసింది. అదీ చాలక ఇంకోటి చింపింది. ఒక గౌను తీసుకెళ్లడానికి వచ్చినావిడ గుమ్మంలో నిలబడి నిలబడి, విసుగెత్తి వెళ్లిపోయింది.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని ముఖాముఖికి రమ్మన్నారు. తల్లి కాలు నేల మీద నిలవలేదు. కూతురు మాత్రం, "ఇంతకీ నేనేం రాశానమ్మా?" అని అడిగింది.

"భూమి గుండ్రం, కాగితం చదును. మిగతాది బస్సులో చెప్తా పద."

బస్సులో చెప్పింది. చెప్పడం అయ్యేసరికి కూతురి తల కిటికీకి ఆనుకుని ఉంది.

సర్వే ఆఫీసు గదిలో మనిషంత వెడల్పున్న సొరుగులు, బల్ల మీద ఒక గ్లోబు. దాని వెనక దళసరి కళ్లద్దాలతో ఒక పెద్దావిడ. ముప్ఫై ఏళ్లుగా మ్యాపులు గీస్తోందట. కూతుర్ని ఎదురుగా కూర్చోమని, తల్లికి గోడవార కుర్చీ చూపించింది.

"నీకు పదిహేనేళ్లు కదూ అమ్మాయ్?"

"అవునండీ."

"ఇక్కడేమో 'ఇరవై రెండేళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్న అనుభవంతో చెబుతున్నాను' అని రాశావు. పుట్టడానికి ఏడేళ్ల ముందే కత్తెర పట్టావన్నమాట."

గోడవార తల్లి నాలిక కరుచుకుంది. అయ్యో రాత! కలం పట్టగానే ఒళ్లు మరిచిపోయి పప్పులో కాలేసింది. పెద్దావిడ పేజీ తిప్పింది.

"రెండో పేజీలో, 'మా ఆయనకి కోటు కుట్టేటప్పుడు పొట్ట దగ్గర చుక్కలు కనిపిస్తాయి' అని ఉంది. మీ ఆయన ఏం చేస్తుంటారమ్మా?"

కునుకు తల్లి వైపు చూసింది, గ్లోబు వైపు చూసింది. నిద్రమత్తు ఎటుపోయిందో పోయింది. "నాకింకా పెళ్లి కాలేదండీ. ఇది నేను రాయలేదు. మా అమ్మ రాసింది. నేను పడుకున్నాను" అని కుండ బద్దలు కొట్టేసింది.

తల్లి దిగ్గున లేచింది. "తప్పు నాదండీ, నూటికి నూరుపాళ్లు నాదే. పిల్ల అమాయకురాలు. దాని సీటు తియ్యకండి, మీకు పుణ్యముంటుంది" అంది.

"సీటు ఇవ్వలేనమ్మా" అంది పెద్దావిడ మెత్తగానే. "స్వయంగా రాసిన పిల్లలు అరవైమంది ఉన్నారు. వాళ్లకి అన్యాయం చెయ్యలేను. చదివిన మొదటి రోజే ఇది పిల్ల రాసింది కాదని తెలిసిపోయింది."

"మరి పిలిచారెందుకండీ?"

"రాసినవాళ్లని చూద్దామని. తల్లినో తండ్రినో తీసుకురమ్మన్నది అందుకే. ఇదిగో, 'ముడత లేకుండా గుండ్రటిదాని మీద గుడ్డ పడదు, ముడత ఎక్కడ దాచాలన్నదే పనితనం' అన్నారు. ఎక్కడ దాస్తారు?"

కునుకు లేచి తన కుర్చీ తల్లికి జరిపింది. తల్లి కూర్చోలేదు. బల్ల మీదున్న పల్చటి కాగితం తీసి గ్లోబు మీద కప్పింది, బొటనవేలితో నొక్కుతూ వచ్చింది. కాగితం అక్కడక్కడా పైకి లేచింది. లేచిన ప్రతిచోటా చిటికెడు మడత పట్టుకుని, పమిటకి గుచ్చుకున్న సూదులు తీసి గుచ్చింది. "చూశారా, ఇక్కడ అదిమితే అక్కడ లేస్తుంది, మొండిఘటం. అందుకని ఎవరూ చూడని చోటికి తోసెయ్యాలి. కోటుకైతే చంక కింద. మీరెక్కడికి తోస్తారు?"

"సముద్రంలోకి" అంది పెద్దావిడ. "మనుషుల్లేని చోట కోస్తాం. చేపలు ఫిర్యాదు చెయ్యవు."

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని పగలబడి నవ్వారు. తర్వాత సొరుగులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నారింజ తొక్కలా చీలికలు చేసిన మ్యాపులు, పైన సాగదీసినవి, కింద సాగదీసినవి. దర్జీ వాటి మీద టేపు పరిచి, ఇదిక్కడ వదులైంది, అదక్కడ బిగుసుకుంది అంటూంటే, పెద్దావిడ ఒప్పుకోక వాదించింది. గంటన్నర గడిచింది. ఇన్నేళ్లలో తన పని గురించి ఇంకో మనిషి ఇంత ఇదిగా అడగడం ఆ దర్జీ ఎరగదు. ఆనందంతో చెవులు ఎర్రబడిపోయాయి. గోడవార కుర్చీలో కునుకు రెప్ప వెయ్యలేదు.

వెళ్లబోతుంటే పెద్దావిడ గుమ్మం దాకా వచ్చింది. "శిబిరం మూడో రోజు, బుధవారం, ఆ పదిమంది పిల్లలకీ ఈ పాఠం మీరే చెప్పాలి. సూదులు తెచ్చుకోండి" అంది.

 మెట్లు సగం దిగాక కూతురు ఆగింది.

"అమ్మా, నిజం చెప్పు. ఆ సీటు నాకు కావాలనా, నీకు కావాలనా?"

ఎప్పటిలా ఒంటికాలి మీద లేవబోయి ఆగిపోయిందావిడ. "నాకే కావాలే" అంది. అనేసరికి కళ్లు నీళ్లతో నిండిపోయాయి. "అన్నీ నాకే. ఆ తేనెటీగలు కూడా."

"మరి ముందే చెప్పొచ్చుగా! రెండేళ్ల ఆదివారాలమ్మా! ఎంత నిద్ర!"

"నాకు తెలిసి ఛస్తేగా నీకు చెప్పడానికి!" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత కూతురి నెత్తిమీద చెయ్యి వేసింది. "పోనీలే. ఇక నిన్ను ఎక్కడా చేర్పించను. బుధవారం నువ్వు రానక్కర్లేదు, హాయిగా పడుకో."

కునుకు నాలుగు మెట్లు దిగింది. మళ్లీ వెనక్కి తిరిగింది.

"ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి."

"అంత పొద్దున్నా!" అని ఏడుపుమొహం పెట్టింది. రానని మాత్రం అనలేదు.