వార్తలామె పెదవులు

కళ్ళద్దాల దుకాణంలో ఆమెది వెనక గదిలో పని. చీటీలో రాసిన కొలత ప్రకారం అద్దం అరగదీసి, ఫ్రేములో బిగించి, ముందు గదికి పంపాలి. దుకాణంలో అందరూ ఆమెను అద్దాలక్క అనేవారు. రెండేళ్ల కిందట వచ్చిన విషజ్వరం పోతూ పోతూ ఆమె వినికిడిని వెంటబెట్టుకు పోయింది. మాట మాత్రం మిగిలింది.

మొదట్లో దుకాణంలోవాళ్లు ప్రతిదీ కాగితం మీద రాసి చూపించేవారు. ఓపిక ఎన్నాళ్లని ఉంటుంది? తర్వాత్తర్వాత, అందరూ విరగబడి నవ్వుతుంటే ఆమె "ఏమిటీ?" అని అడిగినప్పుడు, "ఏం లేదులే" అని చెయ్యి ఊపేసేవారు. పెదవుల కదలిక చూసి ఆమె పోల్చుకోగలిగిన మొదటి మాట అదే.

పెదవులు చదవడం బాగా నేర్చుకోవాలనుకుంది. కానీ రోజూ ఎదురుగా కూర్చుని, తల తిప్పకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడే మనిషి ఎక్కడ దొరుకుతుంది? టీవీలో వార్తలు చదివే ఆమె దొరికింది. ఆమె అద్దెకుండే మేడ మీది గదిలో టీవీ పెట్టే చోటు లేదు. ఉన్న పాత కంప్యూటరులోనే టీవీ వచ్చేలా ట్యూనర్ కార్డు ఒకటి కొనుక్కొచ్చి, మూత విప్పి తనే బిగించుకుంది.

బొమ్మయితే వచ్చింది గానీ చూడ్డానికి లేదు. తెర నిండా చుక్కలు. వార్తలామె ఊరికే ఉన్నంతసేపూ ఫరవాలేదు. పెదవి కదిపిందా, దువ్వెన పళ్లలా అడ్డగీతలు లేచి నోరంతా చెదిరిపోయేది. అసలే పాట అన్నా, బాట అన్నా, మాట అన్నా పెదవులు ఒకేలా కలుస్తాయి. బొమ్మ తేటగా ఉంటేనే వాటిని విడదీసేసరికి తలప్రాణం తోకకొస్తుంది. ఇక ఈ మసకలో ఏం తెలుస్తుంది?

అయినా ఆమె వదల్లేదు. కార్డు తీసి పక్క స్లాటులో పెట్టి చూసింది. సాఫ్ట్‌వేర్ చెరిపేసి మళ్లీ ఎక్కించింది. సెట్టింగులన్నీ గాలిస్తే, కదిలే బొమ్మలో గీతలు తీసేసే 'డీఇంటర్లేస్' అనే గడి ఒకటి ఖాళీగా కనిపించింది. అందులో టిక్కు పెట్టగానే దువ్వెన పళ్లు మాయమయ్యాయి. చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. అయితే లోపం కార్డులో లేదు, వచ్చే సిగ్నలే నీరసంగా ఉందని తేల్చుకుని, కేబుల్ ఆఫీసుకు వెళ్లి చెప్పి వచ్చింది.

ఆదివారం కేబుల్ అతను వచ్చాడు. వైరును చేత్తో తడుముకుంటూ మెట్లు దిగి, కింది వాటా కిటికీ దగ్గర ఆగాడు. అక్కడ ఆమె గదికి వెళ్లే వైరుకు తోలు ఒలిచి, ఆ కిటికీలోంచి వచ్చిన ఇంకో వైరు మెలిపెట్టి, పైన టేపు చుట్టి ఉంది. ఆ వాటాలో ఉండేది ఒక బస్సు డ్రైవరు. ఒంటరివాడు. ఎప్పుడైనా ఎదురుపడితే ముఖం చిట్లించుకుని పక్కకు తప్పుకునేవాడు.

డ్రైవరు బయటికొచ్చి ఏదో అన్నాడు. గుబురు మీసం పై పెదవిని పూర్తిగా మింగేసింది. మీసం కదలడం తప్ప ఆమెకు ఏమీ తెలియలేదు.

"నాకు చెవులు వినపడవండీ," అంది. ఇరుగుపొరుగుతో ఆ మాట అనడం అదే మొదలు.

డ్రైవరు కేబుల్ అతని పెన్ను అడిగి తీసుకుని, అట్టముక్క మీద రాశాడు. "వైరు కలుపుకోనా అని అడుగుదామని చాలాసార్లు మీ తలుపు కొట్టాను. మీరు తియ్యలేదు. పొగరనుకున్నాను." రాశాక చివరి మాట కొట్టెయ్యబోయాడు. ఆమె అప్పటికే చదివేసింది.

కేబుల్ అతను కత్తెర తీసి, తెంపెయ్యనా అన్నట్టు ఆమె వంక చూశాడు.

"తెంపొద్దు. ఇద్దరికీ బాగా వచ్చేట్టు చెయ్యండి."

అతను మెలిక విప్పేసి, వైరును రెండుగా చీల్చే స్ప్లిటరు, దాని ముందు సిగ్నలు పెంచే చిన్న బూస్టరు బిగించి, వైరు చివరలకు కొత్త పిన్నులు వేశాడు. పైకెళ్లి చూస్తే బొమ్మ కడిగినట్టుంది. వార్తలామె కింది పెదవి మీద చిన్న పుట్టుమచ్చ ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

గడప దగ్గర నిలబడి చూస్తున్న డ్రైవరు మళ్లీ అట్టముక్క అందుకున్నాడు. "రోజూ మీరు గట్టిగా అప్పజెప్పేది ఈవిడ మాటలేనా? ఎవరికో చదువు చెబుతున్నారనుకున్నాను."

ఆమె ముఖం కందగడ్డయిపోయింది. ఆ మసకలోనే అందీ అందని ప్రతి మాటా పైకి అని చూసుకోవడం ఆమె అలవాటు. ఏదో గొణుక్కుంటున్నానులే అనుకుంది గానీ, కిందికి వినపడుతోందని కల్లో కూడా అనుకోలేదు.

ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకుంది. తెర ముందు బెల్లంకొట్టిన రాయిలా కూర్చునేది. మాటలు మాత్రం ఒక్కటొక్కటే దొరకసాగాయి. ఒక సాయంత్రం, వంతెన పని పూర్తయిందనీ రేపటి నుంచి బస్సులు తిరుగుతాయనీ మొదటిసారిగా వాక్యానికి వాక్యం చేతికి చిక్కింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఊళ్లో ఉన్న అన్నయ్యకు మెసేజి పంపుదామని ఫోను తీసింది. వంతెన గురించి తనకెందుకు పంపిందో అర్థం కావాలంటే అన్నయ్యకు చాలా చెప్పాలి. ఫోను పక్కన పెట్టేసి, దీపం ఆర్పి పడుకుంది.

కొన్నాళ్లకు, పనికి బయల్దేరుతూ మెట్లు దిగుతుంటే డ్రైవరు ఎదురొచ్చాడు. ముఖం వెలుగు వైపు తిప్పి, వేలితో మీసం పైకెత్తి పట్టుకుని, నెమ్మదిగా అన్నాడు. "ఈ మధ్య మీ గొంతు వినపడట్లేదు. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నానండీ. మీకు ఇబ్బందని మానేశాను."

అతను ఏదో చెప్పాడు. సగమే అందింది. మిగతా సగం అడగాలంటే మొహమాటమేసినా, "ఇంకొక్కసారి చెప్పండి," అంది.

"డ్యూటీ దిగి వచ్చాక ఈ ఇంట్లో నాకు వినపడేది ఆ గొంతు ఒక్కటేనండీ."

అతను చేతిసంచీ భుజాన వేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు. దూరపు రూటు పడితే రెండు మూడు రోజులకు గానీ రాడు. ఆ సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి కింది వాటాకు తాళం వేసి ఉంది. ఆమె పైకెళ్లి కంప్యూటరు పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, వార్తలామె నోరు తెరవగానే తనూ మొదలుపెట్టింది. గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియదు.